వంతెన దగ్గర నిలబడ్డ పదకొండు మంది

మా నాన్న ముందు 'శవం' అన్న మాట అన్నవాడికి ఆ పూట తిండి లేదు. మా ఇంటి కింది అంతస్తులోకి ఎవరిని తీసుకొచ్చినా వారు మిస్టర్ ఫలానా, మిసెస్ ఫలానా. తలుపు తెరిచి పట్టుకుని, "రండి మిస్టర్ గ్రాస్మన్, ఇక్కడ మెట్టుంది" అని మెల్లగా చెబుతూ లోపలికి తెచ్చేవాడు. మెట్టుందని చెబితే మిస్టర్ గ్రాస్మన్‌కి ఏం లాభమని ఒకసారి అడిగాను. "మోసేవాళ్ళకి లాభం" అన్నాడు.

విస్కాన్సిన్‌లో బెల్ క్రీక్ మా ఊరు. ఊళ్ళో లూథరన్లు ఎవరు పోయినా అంత్యక్రియలు జరిపేది మేమే, ప్రాయిస్‌ల వాళ్ళం. పోలిష్ కేథలిక్కులకి రైలుపట్టాల అవతల వాళ్ళ మనిషి వేరే ఉండేవాడు. వాళ్ళ చావులు మాకు తెలియవు, మా చావులు వాళ్ళకి తెలియవు. నాన్నకి ఇంకో నియమం కూడా ఉండేది. పెట్టెను గోతిలోకి దింపాక చుట్టాలందరూ హామ్ శాండ్‌విచ్‌ల కోసం చర్చికి వెళ్ళిపోయినా, ఆయన మాత్రం టోపీ తీసి చేత్తో పట్టుకుని, చివరి పార మట్టి పడేదాకా నిలబడేవాడు. చలికి చెవులు ఎర్రబడి కమిలిపోయేవి. "మనం తెచ్చినవాళ్ళని మనమే దింపి రావాలి, లైల్" అనేవాడు నాతో.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను పదహారేళ్ళప్పుడు ఒక ఆటలో, చచ్చినవాళ్ళని లేపే మాంత్రికుణ్ణయ్యాను. పదకొండు మందిని లేపాను. మళ్ళీ పడుకోబెట్టకుండా వదిలేసి వచ్చాను. ముప్పై ఎనిమిదేళ్ళు వాళ్ళు అలాగే నిలబడి ఉన్నారు. ఇది విని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అది బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి. ఏం చేస్తావో నువ్వు చెప్పాలి, అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. మేం నలుగురం. కథ నడిపేది మెర్ల్ హౌగెన్. అట్టపెట్టె ఒకటి కోసి నిలబెట్టి, దాని వెనక తన కాగితాలు దాచుకుని, మహారాజులా కూర్చునేవాడు. రెనాటా టాలెఫ్సన్ విలుకత్తె. గురి చూసిందంటే తప్పేది కాదు, మాటైనా సరే, బాణమైనా సరే. డ్వేన్ జిర్బెల్ గొడ్డలి పట్టిన మరుగుజ్జు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, చీజ్ ముక్కలు మాత్రం గిన్నెల కొద్దీ మాయమవుతాయి. నేను వెల్డ్రిన్ అనే మాంత్రికుణ్ణి.

మేం ఆడేది మా ఇంట్లో నేల కిందుండే అడుగు గదిలో, మడత కుర్చీలకీ పూలగుత్తుల స్టాండ్లకీ మధ్యన. ఈ ఆట పిల్లల్ని దెయ్యాలకి అప్పజెబుతుందని ఆ రోజుల్లో టీవీలో ఒకటే గోల. మా అమ్మ స్నేహితురాలు ఒకామె వచ్చి నాన్నని హెచ్చరించింది కూడా. "నలభయ్యేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను, ఇంతవరకు ఒక్క దెయ్యమూ పలకరించలేదు. పిల్లలకైనా కనబడితే నయమే" అన్నాడు నాన్న. ఆమె మళ్ళీ రాలేదు.

మొట్టమొదటి అస్థిపంజరాన్ని లేపిన రోజు నాకిప్పటికీ గుర్తే.

"మట్టి పగిలింది. అస్థిపంజరం లేచి నిలబడింది. ఏం చెయ్యమంటావ్?" అన్నాడు మెర్ల్.

"పేరేంటో అడుగుతాను."

"ఎవర్ని?"

"దాన్నే. వారినే."

డ్వేన్ నోట్లోని చీజ్ ముక్క బల్ల మీద పడింది. "పేరా? ఏంట్రా, పెళ్ళిసంబంధం చూస్తున్నావా?"

"పేరు తెలీకుండా ఎవరికీ పని చెప్పను. మా ఇంట్లో అలవాటు లేదు."

మెర్ల్ తల గోక్కున్నాడు. "గోర్గ్" అన్నాడు. రెండో దాన్ని లేపితే "బోర్గ్". మూడోది "మోర్గ్".

"ముగ్గురూ అన్నదమ్ములా? ఒకే కాన్పులో పుట్టారా?" అంది రెనాటా. మెర్ల్ మొహం మాడిపోయింది.

పై వారం నుంచీ పేర్లు మారాయి. అట్ట వెనక ఒక చిన్న నోటుపుస్తకంలోకి చూసి, గొంతు బొంగురు చేసి, అసలు సిసలైన పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. వెరోనికా లాంటివి. వీడికింత బుర్ర ఎక్కడిదా అనుకున్నాం. నేను ఆటకో కాగితం తీసి ప్రతి పేరూ రాసుకుని, ప్రతివాళ్ళకీ ఒకే మాట చెప్పేవాణ్ణి. "పొద్దు వాలేలోగా మిమ్మల్ని మళ్ళీ పడుకోబెడతాను. ఇది నా మాట." అన్నట్టే చేసేవాణ్ణి. గుహలో నిధి దొరికినా, రాక్షసుడు చచ్చినా, వెల్డ్రిన్ ముందు తన వాళ్ళని పేరు పేరునా పడుకోబెట్టాకే మరో పని చూసేవాడు. డ్వేన్ విసుక్కునేవాడు. రెనాటా మాత్రం అలా పడుకోబెట్టేటప్పుడు పాచికలు కింద పెట్టి, ఒక్క మాటా లేకుండా వినేది.

జింకల వేట మొదలయ్యే శనివారం, పంతొమ్మిది వందల ఎనభై నాలుగు నవంబరు. ఆ రోజు మా ఊళ్ళో మగవాడన్నవాడు కనబడడు, అందరూ నారింజరంగు కోట్లు తొడుక్కుని అడవిలో ఉంటారు. ఆ శనివారం చావడానికి కూడా ఎవరూ ఒప్పుకోరు. వేట అంటే గిట్టని మేం నలుగురం పొద్దున్నుంచీ అడుగు గదిలోనే ఉన్నాం. కథలో మేమొక రాతివంతెన దగ్గర చిక్కుకున్నాం. అవతలి నుంచి శత్రుసైన్యం వస్తోంది. వంతెన పక్కన పాత సమాధులున్నాయి. వెల్డ్రిన్ ఒక్కొక్కరినీ లేపుతూ, పేరడుగుతూ, మాటిస్తూ వచ్చాడు. పదిమంది అయ్యారు. పదకొండో సమాధికి పాచిక వేస్తే ఇరవై పడింది. అంతకంటే పెద్ద అంకె లేదు. నేను గంతేశాను.

"పేరేంటండీ?"

మెర్ల్ పుస్తకంలోకి చూశాడు. "ఇరెనా వోజ్నియాక్" అన్నాడు బొంగురుగా.

నేను రాసుకున్నాను. డ్వేన్ ఊరుకోవచ్చు కదా! "ఈ ముసలమ్మ ఎముకలతో సూప్ కాచుకుంటే చలి తగ్గును" అన్నాడు.

రెనాటా లేచి నిలబడింది. మొహం సున్నం కొట్టినట్టుంది. "చాలు. ఇవాళ్టికి చాలు" అంది. కోటు తొడుక్కుంది, బల్ల మీద కాగితాలు గబగబా సర్దుకుంది, మెట్లెక్కి వెళ్ళిపోయింది. బయట మంచు పడుతోంది. పై శనివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. స్కూల్లో ఎదురుపడితే తల తిప్పుకునేది. ఎండాకాలం రాగానే డులూత్ ఊళ్ళో మేనత్త వాళ్ళింటికి వెళ్ళిపోయింది. మేం తప్పంతా డ్వేన్ నెత్తిన రుద్దాం. వాడూ కాదనలేదు. విలుకత్తె లేని ఆట సాగలేదు, అట్టతెర పూలస్టాండ్ల వెనక్కి చేరింది. పేర్లు రాసిన నా కాగితం ఎంత వెతికినా దొరకలేదు.

తర్వాత నాన్న పోయాడు. ఆయన కోటూ, ఆయన పనీ నాకొచ్చాయి. వేలమందిని దింపి వచ్చాను, ఎవర్నీ సగంలో వదల్లేదు. కానీ నవంబరులో మొదటి మంచు పడ్డప్పుడల్లా ఆ వంతెన గుర్తొచ్చేది. లేపి, మాటిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశానే అనిపించేది. ఇరవై పడ్డ ఆ చివరి పేరు తప్ప మిగతా పదిమంది పేర్లు గుర్తులేవు. ఇలాంటి బాధ ఎవరితో చెప్పుకుంటాం? భార్యతో చెబితే జ్వరం చూస్తుంది.

మొన్న నవంబరులో రెనాటా వాళ్ళ నాన్న పోయాడు. వేట మొదలయ్యే వారంలోనే. డులూత్ నుంచి ఆమె వచ్చి నా బల్లకి ఎదురుగా కూర్చుంది. జుట్టు నెరిసింది, చూపు మాత్రం అదే, గురి చూసే చూపు. అక్కడ స్కూలు బస్సు నడుపుతోందట. కాఫీ తాగాం, పిల్లల సంగతులు మాట్లాడుకున్నాం, పాత సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. నేను కాగితం ముందుకు జరుపుకుని ఎప్పుడూ అడిగేవే అడుగుతూ పోయాను.

"పుట్టిన తేదీ?"

చెప్పింది.

"భార్య ముందే పోయారు కదా. మీ అమ్మగారి పేరు?"

"ఇరెనా."

"పుట్టింటి పేరు?"

"వోజ్నియాక్."

నా పెన్ను ఆగిపోయింది. రెండో తరగతిలో ఉండగా రెనాటా వాళ్ళమ్మ పోయిన సంగతి మాకు తెలుసు. కానీ మాకు ఆమె మిసెస్ టాలెఫ్సన్. పిల్లలకి పెద్దవాళ్ళ సొంత పేర్లు ఎందుకు తెలుస్తాయి? ఆమె కేథలిక్కు, రైలుపట్టాల అవతలి మనిషి చేతుల మీదుగా వెళ్ళింది. మా పుస్తకాల్లో ఆమె పేరే లేదు.

"రెనాటా" అన్నాను. "ఆ వంతెన దగ్గర..."

"హమ్మయ్య. ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది నీకు" అంది. కోపం లేదు, అలసట ఉంది.

"నాకు తెలీదు. ఒట్టు."

"నీకు తెలీదని నాకు తెలుసులే." కాసేపు కాఫీ కప్పు తిప్పింది. "పెట్టె మోయడానికి ఎవరున్నారు? అందరూ అడవిలో ఉంటారుగా."

"మెర్ల్‌నీ డ్వేన్‌నీ పిలుస్తాను."

"పిలువు. అంతా అయ్యాక మీ అడుగు గది ఖాళీయేనా?"

శనివారం పొద్దున గుట్టమీది లూథరన్ శ్మశానంలో మిస్టర్ టాలెఫ్సన్‌ని దింపాం. పెద్దయ్యాక వేట మరిగిన డ్వేన్ తెల్లవారుజామునే అడవికి వెళ్ళి, పది గంటలకి వేట వదిలేసి, కారులో ప్యాంటు మార్చుకుని వచ్చాడు. మెర్ల్‌కి మోకాళ్ళ నొప్పులు, అయినా పెట్టె పిడి వదల్లేదు. అందరూ వెళ్ళాక నేను టోపీ తీసి నిలబడ్డాను. ఈసారి పక్కన ఇంకో మనిషి ఉంది. రెనాటా తల మీద టోపీ కూడా లేకుండా, చలికి వణుకుతూ, చివరి పార దాకా కదల్లేదు.

చర్చిలో శాండ్‌విచ్‌లూ, నిమ్మ బార్లనే పుల్లతీపి ముక్కలూ అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి నలుగురం మా అడుగు గదిలోకి దిగాం. అదే బల్ల. మెర్ల్ అట్టతెర దుమ్ము దులిపి నిలబెట్టాడు. మాకు మీసాలు నెరిశాయి, ఆ అట్ట మాత్రం అలాగే ఉంది. ఆ బల్ల మీద నాకెంత బెంగ ఉందో అప్పటిదాకా నాకే తెలియదు.

డ్వేన్ కూర్చోలేదు. "రెనాటా, నేను ముందొక మాట చెప్పాలి. ఆ సూప్ మాట. మా ఆవిడకి ఈ కథ కంఠతా వచ్చు, అంతగా కుమిలిపోయాను. క్షమించు."

"కూర్చోరా డ్వేన్. నీ సూప్ వల్ల కాదు నేను వెళ్ళింది." ఆమె మెర్ల్ వైపు తిరిగింది. "ఆ పేర్లు నీకెక్కడివి?"

మెర్ల్ నేల చూపులు చూశాడు. "ఆ ఎండాకాలం పట్టాల అవతలి సెయింట్ హయసింత్ శ్మశానంలో గడ్డి కోసే పని చేశాను. రాళ్ళ మీదివి రాసుకునేవాణ్ణి. ఊరి అవతలివాళ్ళు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. ఎందుకు?"

"ఇరెనా వోజ్నియాక్ మా అమ్మ."

మెర్ల్ చప్పున తలెత్తాడు. "అక్కడ టాలెఫ్సన్ అని లేదే! పెద్ద రాయి మీద వోజ్నియాక్ అనుంది, కింద నేలలో చిన్న రాయి మీద ఇరెనా అనుంది. రెండూ కలిపి..."

"వాళ్ళ అమ్మానాన్నల పక్కన పెట్టారు. మా నాన్న వేరే చర్చి కదా, ఆయన మాట చెల్లలేదు."

మెర్ల్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. డ్వేన్ చర్చి నుంచి తెచ్చుకున్న నిమ్మ బారుని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"ఏడవకు మెర్ల్, చెప్పేది విను" అంది రెనాటా. "అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. నన్ను సమాధి దగ్గరకి తీసుకెళ్ళలేదు. చలి, పిల్లకి జలుబు చేస్తుందన్నారు. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఆ శనివారం లైల్ పేరడిగాడు, నువ్వు మా అమ్మ పేరు చెప్పావు. నాకు కోపం రాలేదురా. సంతోషమేసింది. మా అమ్మ లేచి నిలబడింది. మరుక్షణం భయమేసింది. వీడు పొద్దు వాలేలోగా పడుకోబెట్టేస్తాడు. మాటిచ్చాడు, వీడు మాట తప్పే రకం కాదు."

నా వైపు చూసింది. ఆ చూపుని నేను తట్టుకోలేకపోయాను.

"ఆట ఆగిపోతే ఆమె నిలబడే ఉంటుంది కదా. అందుకే వెళ్ళిపోయా. మళ్ళీ రాలేదు. మీతో మాట్లాడితే ఆటకి పిలుస్తారని మాట్లాడటం కూడా మానేశా." సంచి తెరిచి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పదహారేళ్ళ నా చేతిరాత, పదకొండు పేర్లు. మడతల దగ్గర చిరుగులకి టేపు అంటించి ఉంది.

"మరి ఇప్పుడెందుకు బయటికి తీశావు?" అన్నాను.

"పొద్దున నాన్నని దింపడం చూశాను. కిటికీ దగ్గర కూర్చుని ఊహించుకున్నంత ఘోరంగా లేదు. నువ్వు టోపీ తీసి నిలబడ్డావు. అమ్మ దగ్గర అలా నేను నిలబడలేదు. చాలా ఏళ్ళు నిలబెట్టాన్రా ఆమెని. కాళ్ళు నొప్పెట్టి ఉంటాయి."

మెర్ల్ కళ్ళు తుడుచుకున్నాడు. అట్ట వెనక నిటారుగా కూర్చున్నాడు. గొంతు బొంగురు చెయ్యలేదు.

"మంచు ఆగింది. శత్రువులు ఎప్పుడో వెళ్ళిపోయారు. వంతెన దగ్గర పదకొండు మందీ నిలబడే ఉన్నారు, ఒక్కరు కూడా కూర్చోలేదు. పొద్దు వాలడానికి ఇంకా కొంచెం టైముంది. వెల్డ్రిన్, ఏం చేస్తావు?"

"ఆలస్యమైనందుకు క్షమించమంటాను" అన్నాను. కాగితం చూసి ఒక్కొక్కరినీ పిలిచాను. లియోకాడియా గారూ, ఇక పడుకోండి. కాజిమీర్ గారూ, ఇక పడుకోండి. ఒక్కో పేరుకీ మెర్ల్ "పడుకున్నారు" అన్నాడు. దీనికి పాచిక వెయ్యక్కర్లేదు. పదిమంది అయ్యారు. పదకొండో పేరు దగ్గర ఆగాను. కాగితం రెనాటా వైపు జరిపాను.

"ముందు ఆమెతో మాట్లాడాలి" అంది రెనాటా.

"ఆమె తరఫున నేను మాట్లాడాలా? నా వల్ల కాదు" అన్నాడు మెర్ల్.

"పేరు కొట్టేసినప్పుడు వల్లయింది కదా? మాట్లాడు."

మెర్ల్ తల వంచుకుని అట్ట వెనకకి చూశాడు. వాడేం చెబుతాడా అని నాకు భయమేసింది. ఒక్క మాట తేడా వచ్చినా ఈ ఆడమనిషి ఇక ఈ ఊరు రాదు. వాడు తలెత్తాడు.

"రెనీ, టోపీ ఏదే?" అన్నాడు.

మా ముగ్గురికీ ఒక్కసారే గుర్తొచ్చింది. స్కూలు బస్సు ఆగే మలుపు. నీలం చలికోటులో మిసెస్ టాలెఫ్సన్. బస్సు కదిలినా వెంట నడుస్తూ కిటికీలోకి ఇదే మాట అరిచేది. బస్సంతా నవ్వేది, రెనాటా సిగ్గుతో సీటు కిందకి జారిపోయేది. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను.

రెనాటా చెయ్యి తన నెత్తి మీదకి వెళ్ళింది. జుట్టు తప్ప ఏం లేదు. "మర్చిపోయానమ్మా" అంది, ఏడేళ్ళ పిల్లలా.

డ్వేన్ లేచాడు. కోటు జేబులోంచి తన వేట టోపీ తీశాడు. మైలు దూరం నుంచి కనబడే నారింజరంగు, చెవుల మీదకి దిగే రెక్కలు, జింక వాసన. ఒక్క మాట కూడా లేకుండా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క మాట కూడా లేకుండా, దాన్ని ఆమె నెత్తిన పెట్టి చెవుల మీదకి లాగాడు.

రెనాటా ఏడుస్తూనే నవ్వింది. "పెట్టుకున్నానమ్మా" అంది. "ఇక నువ్వు పడుకో."

నేను లేచి నిలబడ్డాను. నా టోపీ కుర్చీకి తగిలించి ఉంది, తీసి చేత్తో పట్టుకున్నాను. డ్వేన్ ఎలాగూ నిలబడే ఉన్నాడు. మెర్ల్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు, అట్టతెర మడిచి పక్కన పెట్టాడు.

"పడుకుంది" అన్నాడు.